మా తమ్ముడికి యాంజియోగ్రామ్ తేదీ ఎప్పుడు ఇస్తారు?

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

అయ్యా, అర్జీలు ఇచ్చి ఇచ్చి దారి తోచక ఇలా నలుగురి ముందు రాస్తున్నాను. మాది బోరబండ. తమ్ముడికి 19 ఏళ్లు. బీపీ లేదు, షుగర్ లేదు. క్లాసులో తలనొప్పంటూ కూలబడ్డాడు, ఫిట్స్ వచ్చాయి. సీటీలో మెదడులో రక్తపు గడ్డ కనిపించింది. ఏవీఎం అట. ధమనులు, సిరలు నడుమ సన్న నాళాలు లేకుండా నేరుగా కలిసి చిక్కుపడిపోయాయి.

ఆ రాత్రి ప్రాణం నిలబెట్టిన డాక్టర్లకు, నర్సులకు చేతులెత్తి మొక్కుతాను. నా గోడు ఆ తర్వాతది. డిశ్చార్జి కాగితం మీద డీఎస్ఏ అని రాశారు. తొడ దగ్గర నుంచి సన్న గొట్టం పంపి తీసే మెదడు యాంజియోగ్రామ్ అది. అది తీస్తేగానీ ఆపరేషనా, గ్లూతో మూయడమా, కోత లేకుండా రేడియేషన్ ఇచ్చే గామా నైఫా అన్నది తేలదు. గడ్డ కరిగితే బాగా కనిపిస్తుందని కొన్ని వారాలు ఆగమన్నారు, ఆగాం. అది వైద్యం కోసం ఆగడం. ఆ తర్వాత మిషన్ రిపేరన్నారు. బాగయ్యాక ఎమర్జెన్సీ కేసులు ముందన్నారు. ఫోన్ చేస్తామన్నారు, చేయలేదు. దీన్ని వైద్యం అనగలమా సార్?

ఏవీఎం ఉన్నవాళ్లలో ఏటా వందకు 2 నుంచి 4 మందికి రక్తస్రావం అవుతుంది. ఒకసారి పగిలితే మొదటి ఏడాదిలో ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆ ఏడాదే మాకు క్యూలో గడిచిపోతోంది. గామా నైఫ్ చేసినా చిక్కు పూర్తిగా మూసుకోవడానికి 2, 3 ఏళ్లు పడుతుంది, అప్పటిదాకా భయం తప్పదు. అసలు మొదలే కాకపోతే ఎలా?

వాడికి కుడి చెయ్యి పట్టు లేదు. ఎడమ చేత్తో స్పూను పట్టుకుని తింటాడు, సగం కంచం పక్కన పడుతుంది. బాత్‌రూంకి గడియ పెట్టుకోనివ్వదు అమ్మ. కాస్త ఆలస్యమైతే చాలు, తలుపు దగ్గరే నిలబడి పేరు పెట్టి పిలుస్తూ ఉంటుంది. ఇంట్లో అందరికీ అదే టెన్షన్.

2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. మంచి పని, కాదనను. కానీ పరీక్షకే తేదీ దొరకని వాడికి ఆ డబ్బు ఎలా అందుతుంది? బయట చేయించుకుందామంటే అమ్మ పుస్తెలతాడు అమ్మినా చాలదు.

మెదడులో రక్తస్రావమైన పిల్లలకు, కుర్రవాళ్లకు డీఎస్ఏ తేదీ డిశ్చార్జి రోజే రాసివ్వమనండి. మిషన్ చెడిపోతే వేరే ఆసుపత్రికి పంపే బాధ్యత ఆసుపత్రికే పెట్టండి, మా మీద వదలకండి. దయచేసి మా తమ్ముడికి తేదీ ఇప్పించండి. రెండోసారి పగలక ముందే ఇప్పించండి సార్.

ఇట్లు,
ఒక అక్క, హైదరాబాద్