‘బాగానే ఉన్నాను’ అన్నందుకు

అయ్యా,

పది రోజుల కిందట మీ పత్రికలో కారు ప్రమాదాలు, బీమా క్లెయిముల మీద వచ్చిన వ్యాసం చదివాను. ‘కంపెనీకి సహకరిస్తే అంతా సాఫీగా జరిగిపోతుంది’ అని సెలవిచ్చారు. ఆ రోజే రాద్దామనుకున్నాను గానీ, కంపెనీ అడిగిన కాగితాలు స్కాన్ చేస్తూ కూర్చున్నాను.

మా కారును వెనక నుంచి ఇంకో కారు గుద్దింది. తప్పు తనదేనని ఆయనే దిగి ఒప్పుకున్నాడు. అక్కడితో అయిపోవాలి కదా! క్లెయిము ఫారం పంపాను. బండి కాగితాలడిగారు. పంపితే లైసెన్సు రెండో వైపు ఏదన్నారు. అదీ పంపితే మసగ్గా ఉందన్నారు. నిన్న మాట్లాడిన మనిషి ఇవాళ ఉండడు, కథ మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. 26 రోజుల్లో 14 మెయిళ్లు. ఏమేం కావాలో ఒక్కసారే రాసిచ్చేస్తే వీళ్ల సొమ్మేం పోతుంది?

ఇది చికాకు మాత్రమే. అసలు దెబ్బ ఫోనులో తగిలింది. ప్రమాదం జరిగిన మర్నాడు అవతలి కారు తాలూకు బీమా కంపెనీ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, ‘ఇప్పుడెలా ఉన్నారండీ?’ అంది. మనమేమంటాం? జ్వరంతో మూలుగుతున్నా ‘ఆఁ, బాగానే ఉన్నానండీ’ అంటాం. నేనూ అదే అన్నాను. కాల్ రికార్డవుతోందని మొదట్లో గడగడా చదివేసిన ముక్క నా చెవికెక్కలేదు. మూడో రోజుకి మెడ పట్టేసి తల తిప్పలేకపోయాను. వెనక నుంచి గుద్దినప్పుడు మెడ నొప్పి కాస్త ఆలస్యంగా బయటపడటం మామూలేనన్నారు డాక్టరు. కంపెనీ ఫైల్లో మాత్రం నేను బాగానే ఉన్నాను!

మన పాలసీ ఉన్న కంపెనీకి సహకరించాలని పాలసీలోనే షరతు ఉంటుంది, నిజమే. ఆ షరతు అవతలి కంపెనీకి వర్తించదు. ‘అడగదలచుకున్నది రాసి పంపండమ్మా’ అని ఫోన్ పెట్టేస్తే సరిపోయేది. అంత పెద్ద వ్యాసంలో ఈ ఒక్క మాటకి చోటు లేకపోయిందా?

తర్వాత వైద్య రికార్డులు చూసుకునే అనుమతి పత్రం వచ్చింది. ఏ ఆసుపత్రి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు? అన్నీ ఖాళీలే. సంతకం పెడితే చిన్నప్పటి గవదబిళ్లల దాకా తవ్వుకోవచ్చు. పాత మెడనొప్పి ఒక్కటి దొరికితే చాలు కదా వాళ్లకి. ‘ఈ ప్రమాదానికి చేయించుకున్న చికిత్స వరకే’ అని చేత్తో రాసి సంతకం పెట్టాను. సణుగుతూనే తీసుకున్నారు.

ఈలోగా చెక్కు ఇస్తామంటూ ఇంకో కాగితం. ‘పూర్తి, తుది పరిష్కారం’ అట. అప్పటికి షెడ్డులో బంపరైనా విప్పలేదు. బయటికి అరచేయంత సొట్ట. విప్పాక మెకానిక్ పిలిచి చూపించాడు: డిక్కీ అడుగు రేకు ముడుచుకుపోయి, స్టెప్నీ దాని గుంటలో కూర్చోవడం లేదు. ముందే సంతకం పెట్టేసి ఉంటే ఆ ఖర్చు నా నెత్తినే పడేది.

ప్రీమియం గడువొస్తే పేరు పెట్టి పిలుస్తూ రోజూ మెసేజీలు. క్లెయిమన్నామా, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. వీళ్లని అదుపు చేయాల్సిన అధికారులకి ఫిర్యాదు చేస్తే ‘మీ యొక్క ఫిర్యాదు స్వీకరించబడినది’ అని ఓ నంబరు వచ్చింది. స్వీకరించబడి అక్కడే ఉంది. ఉత్తరానికి మనిషన్నవాడు జవాబు రాయడం ఎప్పుడో మానేశారు కాబోలు.

మీ వ్యాసకర్తకో మనవి. ఈసారి ఆ ‘తుది పరిష్కారం’ కాగితం నమూనా ఒకటి అచ్చు వేయండి, కింది చీమతలకాయల్లాంటి అక్షరాల్ని మీ హెడ్డింగుల సైజులో.

– ఒక పాఠకురాలు