ఎత్తు చూసి కొనొద్దు పాపా

కడప,
ఆదివారం

చి. సౌ. పాపకు నాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మూడు జతలూ నిలువెత్తు స్పీకరు బాక్సులే. హాల్లో టీవీకి అటొకటి ఇటొకటి నిలబడితే చూడ్డానికి బాగానే ఉంటుంది, కాదనను. అల్లుడికీ అవే నచ్చాయన్నావు. అయితే "నాయనా, నలభై వేలలో ఏది మంచిది?" అంటే ఫోన్లో ఒక్క ముక్కలో తేలేది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నా.

మన మైక్‌సెట్ షాపు పెట్టిన కొత్తలో, నువ్వింకా పుట్టలేదు, ఒకాయన వ్యానులో తెచ్చి అమ్మితే ఇలాంటి నిలువు బాక్సుల జత కొన్నాను. ఒక్కోదాన్ని ఇద్దరం పట్టి దించాం. బరువుంటే సరుకుంటుందని మా నమ్మకం. ఆరు నెలలకు ఒకదాంట్లో గరగర మొదలైంది. వెనక స్క్రూలు విప్పి టార్చి వేసి చూస్తే, అడుగున సిమెంటు దిమ్మె అతికించి ఉంది! ముందువైపు నాలుగు కోన్లు (ఊగి సౌండు చేసే గుండ్రటి పొరలు). అందులో రెండింటికి వైరే లేదు. క్రాసోవర్ (బేస్‌నూ సన్న శబ్దాన్నీ విడదీసి దేని స్పీకరుకు దాన్ని పంపే సర్క్యూట్) ఉండాల్సిన చోట ఒకే ఒక్క కెపాసిటర్, అదీ ట్వీటర్ (సన్న శబ్దాలు పలికే చిన్న స్పీకరు) కాలికే సోల్డర్ చేసి ఉంది. అమ్మినాయన మళ్ళీ కనపడితే కదా. ఆ దిమ్మె మీద మీ అమ్మ చాలా ఏళ్ళు తులసికుండీ పెట్టింది.

వైరు లేని ప్రతి కోనూ మోసమని కాదు. నువ్వు పంపిన వాటిలో పోల్క్ టీ50 ఉంది కదా, దాంట్లో ఆరున్నర అంగుళాల కోన్లు మూడు కనిపిస్తాయి, ఆంప్లిఫయర్ నుంచి కరెంటు అందేది ఒక్కదానికే. మిగతా రెండూ పాసివ్ రేడియేటర్లు, పెట్టెలో గాలి తోస్తే ఊగుతాయి. పద్ధతి సక్రమమైనదే, కంపెనీ దాచేదీ ఏం లేదు. మూడు వూఫర్లని (బేస్ పలికే స్పీకర్లని) మాత్రం లెక్కేసుకోవద్దు.

నా లెక్క ఇది. డబ్బు ఒకటే అయినప్పుడు నిలువు బాక్సులో చెక్కకే ఎక్కువ పోతుంది, స్పీకరుకు మిగిలేది తక్కువ. పలక పెద్దదయ్యేకొద్దీ అదురూ ఎక్కువే, అందుకని లోపల అడ్డపట్టీలు బిగించాలి. చవక బాక్సుల్లో కోత పడేది అక్కడే. షాపులో వేలి కణుపుతో పక్క పలక మీద కొట్టి చూడు. టప్‌మని ఆగితే మేలు. ఖాళీ నూనె డబ్బాలా మోగితే ఆ మోత ప్రతి పాటలోనూ కలుస్తుంది. నిలువు బాక్సుకు ఉన్న మంచి కూడా చెప్పాలి: లోపల చోటు ఎక్కువ కాబట్టి బేస్ ఇంకాస్త కిందికి దిగుతుంది, విడిగా స్టాండ్లు కొనక్కర్లేదు.

కాగితం మీద వాట్లు చూడకు, సెన్సిటివిటీ చూడు. ఒక్క వాటు ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తుందనే లెక్క అది. 87కీ 90కీ తేడా మూడే కదా అనిపిస్తుంది. అదే సౌండు రావాలంటే 87 దానికి రెట్టింపు వాట్లు పోయాలి. మీ ఆంప్లిఫయర్ 50 వాట్లది, ఫ్లాటుకు చాలు. అయితే దాన్ని మరీ పిండొద్దు. క్లిప్ అయితే, అంటే శక్తి చాలక శబ్దం అలల కొనలు తెగితే, ముందు పోయేది ట్వీటరే, షాపులో అలా కాలిన ట్వీటర్లు ఎన్ని మార్చానో. బేస్ 35 హెర్ట్జ్ (సెకనుకు 35 కంపనాలు) దాకా వస్తుందని రాసి, పక్కన ప్లస్ ఆర్ మైనస్ 3 డీబీ (సౌండు అటూ ఇటూ మూడు డెసిబెల్స్ మించి మారదని) అని లేకపోతే ఆ అంకెను పట్టించుకోకు.

అసలు సంగతి మీ గది. పొడవు పన్నెండు అడుగులన్నావు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, ఆ లెక్కన సగం అల గది పొడవుకు సరిపోయే 47 హెర్ట్జ్ దగ్గర గది తానే గుమ్మని మోగుతుంది. బేస్ గిటారు కింది స్వరాలు ఆ చుట్టుపక్కలవే. అలాంటి గదిలో పెద్ద బాక్సులు తెచ్చి మూలకు నెట్టారంటే పాటంతా ఒకటే గుమ్ము. గోడకు జానెడు చాలదు, మూరెడైనా ఎడం ఉండాలి. అంత చోటు లేకపోతే చిన్న బాక్సులే కొనండి, నాకైతే అదే మేలనిపిస్తోంది.

చిన్నవంటే అల్లుడు మొహం చిట్లిస్తాడేమో. బీబీసీ వాళ్ళు 1970లలో ప్రసారాల వ్యానుల్లో పెట్టుకోవడానికి ఎల్ఎస్3/5ఏ అని ఒక స్పీకరు చేశారు, ఎత్తు అడుగే. బేస్ పెద్దగా ఉండదు, మనిషి గొంతు మాత్రం మనిషి గొంతులా వస్తుందని దానికి పేరు. వాళ్ళు స్పీకర్లను పరీక్షించిన పద్ధతి నాకు భలే నచ్చింది: తెలిసిన మనిషి మాట రికార్డు చేసి, అసలు మనిషి గొంతుతో పోల్చి చూసేవాళ్ళు.

నువ్వూ అలాగే చెయ్యి. మీ అమ్మ గొంతు రెండు నిమిషాలు రికార్డు చేశాను. వాయిస్ మెసేజ్‌గా పెడితే వాట్సాప్ పిండేస్తుందని ఫైలుగా మెయిల్ చేశా. ఏం మాట్లాడాలో తెలియక కొట్టు సామాన్ల చిట్టా చదివింది: శొంఠి, శనగపప్పు, సగ్గుబియ్యం, సబ్బులు, షాంపూ. నాకు కావాల్సిందీ అదే. ట్వీటర్ బాగాలేకపోతే శ, ష, స మూడూ కలిసి ఒకటే బుసలా వినిపిస్తాయి. మధ్యలో కుక్కర్ విజిల్ వస్తుంది, ఆ వెంటనే "స్టవ్ కట్టేయండి, చెవుడా?" అని నన్ను కసిరింది. అది కత్తిరించలేదు. ఆ కసురు నువ్వు చిన్నప్పటి నుంచీ విన్నదే కాబట్టి ఏ స్పీకరులో తేడా వస్తోందో ఇట్టే పట్టేస్తావు. తర్వాత మృదంగం ఉన్న కచేరీ ఏదైనా పెట్టించు, ఎడమ చేతి దెబ్బ పడి ఆగుతోందా, సాగుతోందా విను. స్పీకర్లు మార్చేటప్పుడు సౌండు సమానంగా పెట్టమను. కాస్త గట్టిగా మోగేదే ఎవరికైనా బాగుందనిపిస్తుంది, షాపువాళ్ళకు ఆ కిటుకు తెలుసు. అల్లుణ్ణి మార్చమని నువ్వు కళ్ళు మూసుకో. మొహమాటపడొద్దు, డబ్బు మనది.

నిలువువే కొనేటట్టయితే చెప్పు. మెట్ల కింద అంగుళం మందం కడప బండలు రెండు మిగిలున్నాయి. బాక్సు కింది స్పైకులు (మొనదేలిన కాళ్ళు) వాటి మీద దిగితే మీ టైల్స్‌కు గీతలు పడవు, బాక్సు ఊగదు. సౌండు మారిపోతుందని మాత్రం నేను చెప్పను. బుధవారం రాత్రి బస్సుకు వేస్తా, దించుకోవడానికి అల్లుణ్ణి పంపు. ఇవి నిజంగానే బరువు.

మీ నాయన