గుర్రాల ఏసీటీహెచ్ పరీక్ష: రిపోర్టులో అంకె ఒక్కటే చూస్తే సరిపోదు

సంపాదకులకు,

ముసలి గుర్రం బొచ్చు రాల్చక, కండ కరిగి, మాటిమాటికీ గిట్టల నొప్పితో కుంటుతుంటే పీయూష గ్రంథి జబ్బు, అంటే పీపీఐడీ, అనుమానించడం సబబే. కానీ ఈ జబ్బులో పెరిగే ఏసీటీహెచ్‌ను, అంటే పీయూష గ్రంథి విడుదల చేసే ఒక హార్మోన్‌ను, కొలిచే ఒక్క రక్తపరీక్షతో తేల్చేయడం ఎక్కువైంది. ఆ అంకె ల్యాబ్‌కు చేరకముందే పాడయ్యే అవకాశం ఉంది.

ఏసీటీహెచ్‌కు రక్తం ఊదా మూత ఈడీటీఏ ట్యూబులోనే తీయాలి. ఎర్ర మూత ట్యూబు పనికిరాదు. తీసిన మూడు గంటల్లోపు చల్లబరచాలి. మే నెల ఎండలో బండి డ్యాష్‌బోర్డు మీద పెడితే హార్మోను విరిగిపోయి, జబ్బున్న గుర్రం కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. అలాగని రక్తాన్ని నేరుగా ఫ్రీజర్‌లో పెట్టకూడదు, కణాలు పగిలి ఫలితం తారుమారవుతుంది. ముందు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేలిన ప్లాస్మాను వేరే ట్యూబులోకి తీశాకే గడ్డకట్టించాలి.

గుర్రం నొప్పితో ఉన్నా, వ్యాను దిగిన వెంటనే తీసినా అంకె పెరుగుతుంది. ఏ జబ్బూ లేని గుర్రానికి కూడా ఆగస్టు నుంచి అక్టోబరు వరకు ఏసీటీహెచ్ పైకి పోతుంది. ఎంత పోతుందన్నది అక్షాంశాన్ని బట్టి మారుతుంది. కాబట్టి బ్రిటన్, అమెరికాల్లో వాడే ఏసీటీహెచ్ హద్దులను హైదరాబాద్ గుర్రానికి మక్కీకి మక్కీ అంటించలేం.

నమూనా మనుషుల ల్యాబ్‌కు వెళ్తే మనుషుల రిఫరెన్స్ రేంజే (సాధారణ స్థాయి) అచ్చవుతుంది. దాన్ని పట్టించుకోవద్దు. యూనిట్లూ చూసుకోవాలి: లీటరుకు 20 పికోమోల్స్ అంటే మిల్లీలీటరుకు దాదాపు 90 పికోగ్రాములు.

ఫలితం అటూ ఇటూ కాకుండా ఉంటే, టీఆర్‌హెచ్ అనే హార్మోను ఇచ్చి ఏసీటీహెచ్ ఎంత పెరుగుతుందో చూసే పరీక్ష మేలు. 250 కిలోలు దాటిన గుర్రానికి 1 మిల్లీగ్రాము, అంతకు తక్కువ బరువున్న పోనీకి అర మిల్లీగ్రాము నరానికి ఇచ్చి, సరిగ్గా పదో నిమిషంలో రక్తం తీయాలి. ఏసీటీహెచ్ చకచకా దిగిపోతుంది, పద్నాలుగో నిమిషపు అంకెను పదో నిమిషపు హద్దుతో పోల్చడం కుదరదు. ముందురోజు రాత్రి నుంచి దాణా ఆపాలి, ఎండుగడ్డి పెట్టొచ్చు. కాసేపు దగ్గు, ఆవులింత సహజమే. ఆగస్టు–అక్టోబరు మధ్య దీన్ని వాయిదా వేయడం నయం. చవకని ఒక్క కార్టిసాల్ హార్మోను పరీక్షతో సరిపెట్టేవాళ్లున్నారు, ఈ జబ్బు నిర్ధారణకు ఆ డబ్బు దండగ.

ఈ జబ్బుకు వాడే మందు పెర్గోలైడ్ మొదలుపెడితే బతికినంత కాలం ఇవ్వాలి. అందుకే ల్యాబ్‌లు రిపోర్టులో పరీక్ష పద్ధతి, యూనిట్, రక్తం తీసిన సమయం అచ్చువేయాలి. మందు మొదలైన ఒకటి నుంచి మూడు నెలల్లో చేసే మలి పరీక్షను అదే ల్యాబ్‌లో, అదే పద్ధతిలో చేయించాలి. జూన్ అంకెను సెప్టెంబరు అంకెతో పోల్చి మోతాదు పెంచొద్దు.

– గుర్రాల వైద్యంలో ఉన్న పశువైద్యులం, హైదరాబాద్