పక్క మంచం అక్కకి, ఇంకా అందరికీ

మొన్న మధ్యాహ్నం ఆర్డర్ కాపీ చేతికొచ్చింది. ఆస్పత్రి మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేసిన అమ్మ కేసు గెలిచాం. అడిగినంతా ఇవ్వలేదు. తుంటి ఆపరేషన్ ఖర్చు, ఫిజియోథెరపీ ఖర్చు, అమ్మ పడ్డ బాధకి కొంత, వాటి మీద వడ్డీ ఆస్పత్రి వాళ్ళు కట్టాలన్నారు. అప్పటి నుంచి సరిగ్గా నిద్ర లేదు, ఒకటే ఫోన్లు. ఈ పోస్టు అతుకులబొంతలా ఉంటే ఏమీ అనుకోకండి.

సంగతి తెలియని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 2023లో అమ్మకి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో గాల్‌బ్లాడర్ ఆపరేషన్ చేయించాం. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ రాత్రి ఇంజెక్షన్ తెమ్మని నాకు చీటీ ఇస్తే కింద మెడికల్ షాపుకి వెళ్ళాను. ఈలోగా అమ్మ బాత్రూంకని లేవబోయి మంచం పక్కనే పడింది. మందుల మత్తు దిగలేదు. మంచానికి ఉండే సైడ్ రెయిలింగ్ కిందికి దించి ఉంది, ఫ్లోరు తడిగా ఉంది. తుంటి ఎముక విరిగింది. కేస్ షీటులో ఏం రాశారో తెలుసా? "సిబ్బంది వద్దన్నా వినకుండా పేషెంటే లేచి పడిపోయారు" అని. ఆ పడ్డందుకు తీసిన ఎక్స్‌రే కూడా మా బిల్లులోనే వేశారు.

ఇక ఈ పోస్టు ఎవరి కోసం రాస్తున్నానో ఆ అక్క గురించి.

పేరు రాయను. వాళ్ళ అత్తమ్మకి డయాలసిస్ ఇప్పటికీ ఆ ఆస్పత్రిలోనే. మార్కెట్ గేటు దగ్గర ఆకుకూరలు అమ్ముతుంది. ఆ రోజు వాళ్ళ అత్తమ్మది అమ్మ పక్క మంచం, అంతే మాకున్న చుట్టరికం. చప్పుడుకి లేచి మొదట అమ్మ దగ్గరికి వచ్చింది ఆమే. లేపలేదు. "లేపితే బొక్క ఇంకింత జరుగుతదేమోనని తల కింద దుప్పటి మలిచి పెట్టిన" అని నాతో తర్వాత చెప్పింది. బెల్లు నొక్కింది, ఎవరూ రాకపోతే వరండాలోకి వెళ్ళి కేకలేసింది. నేను వచ్చి ఏడుస్తూ స్ట్రెచర్ వెంట పరిగెడుతుంటే, మందుల డబ్బా అట్టముక్క చింపి దాని మీద ఫోన్ నంబర్ రాసి నా చేతిలో పెట్టింది. "అవసరం పడితే ఫోన్ చెయ్ చెల్లె. నేను చూసింది చెప్త."

చాలా నెలల తర్వాత మా వకీలు సాక్షి ఉంటే బాగుండేదన్నారు. అడగాలంటే నాకు మొహం చెల్లలేదు. ఆస్పత్రి వాళ్ళకి ఎదురు చెప్పి మళ్ళీ అదే ఆస్పత్రికి వాళ్ళ అత్తమ్మని ఎలా తీసుకెళ్తుంది? అయినా ఫోన్ చేశాను. ఆమె అడిగింది ఒక్కటే: "ఏ రోజు రావాలె?"

నోటరీ దగ్గర అఫిడవిట్ చదివి వినిపిస్తున్నారు. "వార్డులో నర్సు ఎవరూ లేరు" అనే లైను రాగానే ఆపమంది. "లేరని నాకెట్ల తెలుస్తది సార్? ఇంకో రూముల ఉన్నరేమో. నేను బెల్లు కొట్టిన, ఎవ్వరూ రాలె. గట్లనే రాయుండ్రి." రెండూ ఒకటేనమ్మా అన్నారు వకీలు. "ఒకటి గాదు సార్" అంది. టైపిస్టు మొహం మాడ్చుకుని మళ్ళీ కొట్టాడు. "ఫ్లోరు మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి" అనేదీ ఒప్పుకోలేదు. తడి ఉండె, నీళ్ళు నిలవలె, అంది. మాకు పనికొచ్చే మాటలన్నీ ఒక్కొక్కటీ తగ్గిస్తోందని లోపల నాకు టెన్షన్. చివరికి సంతకం. పెన్ను ఎంత నొక్కిపెట్టి రాసిందంటే కింది కాగితం మీద కూడా అచ్చు పడింది.

ఆ రోజు ఆమె బేరం పోయింది కదా అని కవరులో కొంత డబ్బు పెట్టి ఇవ్వబోయాను. చెయ్యి వెనక్కి తీసుకుంది. "బస్సుకు జీరో టికెటే నాయె, నాకేం ఖర్చయింది?" అని, సంచీలోంచి మునగాకు కట్ట తీసి నా చేతిలో పెట్టింది. "అమ్మకు పప్పుల వెయ్యి, బొక్కలకు మంచిది." అమ్మ పడ్డ రాత్రి తర్వాత నేను అంతగా ఏడ్చింది ఆ నోటరీ మెట్ల మీదే.

ఆస్పత్రి లాయరు ఆమెకి రాతలో ప్రశ్నలు పంపారు. ఫిర్యాదీకి మీరు ఏమవుతారు, ఎంత తీసుకున్నారు, ఇలాంటివి. జవాబు: పక్క మంచం. ఏమీ తీసుకోలేదు. నర్సు లేదని ఎలా చెప్పగలరన్న ప్రశ్నా ఉంది. ఆమె అసలు ఆ మాటే అనలేదు కాబట్టి అది అక్కడే తేలిపోయింది. ఆర్డర్‌లో ఒక పేరా మొత్తం ఆమె చెప్పింది చెప్పినట్టే ఉంది. బెల్లు కొట్టాను, ఎవ్వరూ రాలేదు.

అక్కా, నువ్వు ఇది చదవవని తెలుసు. మీ అబ్బాయికి పంపిస్తాను, చదివి వినిపిస్తాడు.

తమ్ముడు, మరదలు, మా ఆయన: మీకు వేరే చెప్పేదేముంది.

ఒక మాట మాత్రం కడుపులో దాచుకోలేను. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. మాకు కేస్ షీటు కోసం లీగల్ నోటీసు దాకా వెళ్ళాల్సి వచ్చింది. 2019 వినియోగదారుల చట్టం ఫిర్యాదుని 3 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలంటుంది. అమ్మ పడింది ఎప్పుడో పైనే రాశాను. ఒకరోజు సిట్టింగ్ లేదు, ఇంకోరోజు వాళ్ళ వకీలు రాలేదు, కాపీ అందలేదు, వాయిదా. వాకర్ పట్టుకుని అమ్మ కూడా ఒకసారి వచ్చి, పిలుపు కోసం సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుని తిరిగెళ్ళింది. తుంటి విరిగినామెకి లిఫ్ట్ పని చేయని బిల్డింగు! ఇప్పుడు కూడా పూర్తిగా అయిపోలేదు. స్టేట్ కమిషన్‌కి అప్పీలు చేసుకోవడానికి వాళ్ళకి 45 రోజుల గడువుంది. అయితే అప్పీలుకి వెళ్ళాలంటే ఆర్డర్ సొమ్ములో సగం ముందు కట్టాలట. అదొక్కటే ఊరట.

వకీలు గారికి నమస్కారాలు. నిపుణుడైన డాక్టరు సాక్ష్యం లేకపోతే కేసే నిలవదని అవతలి వాళ్ళు వాదిస్తే, అది ప్రతి కేసుకీ ఉండి తీరాలనేమీ లేదని వి. కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పిందని చూపించారు. మంచం రెయిలింగ్ ఎత్తి ఉందో లేదో చెప్పడానికి ఎం.డి. చదవాలా అని అడిగారు. ఫీజు కూడా విడతలుగా తీసుకున్నారు.

అయ్యో, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో మాట్లాడిన అమ్మాయి! ఫిర్యాదు రెండేళ్ళలోపు వేయాలని, మేముండే జిల్లాలోనే వేయొచ్చని, మా బిల్లు 5 లక్షలు దాటలేదు కాబట్టి ఫీజు ఉండదని మొదట చెప్పింది ఆమే. పేరు అడగనే లేదు.

మా వీధి చివర రిటైర్డ్ సిస్టరమ్మ గారు కేస్ షీటులో నర్సింగ్ నోట్స్ లైను లైనుగా చదివి, ఆ రాత్రి గంటల తరబడి ఒక్క ఎంట్రీ లేదని పట్టుకున్నారు. ఇంత పెద్ద సాయాన్ని ఇంత కింద రాస్తున్నాను, కోప్పడకండి సిస్టర్. జిరాక్సు షాపు అన్న, ఫిజియో బాబు, వరంగల్ నుంచి ఫోన్లో ధైర్యం చెప్పిన సుజాత, థాంక్స్.

బావా, ప్రతి వాయిదాకీ కారు ఇచ్చావు. పెట్రోలు డబ్బులు ఇంకా ఇవ్వలేదు, గుర్తుంది.