తిబెరి కైసరు దేనారం బుక్ చేసుకున్నవారికి

అడ్వాన్స్ కట్టి ఎదురుచూస్తున్నవారికి ముందే చెప్పేస్తున్నాను: కొత్తగా వచ్చిన దేనారాల (పాత రోమన్ వెండి నాణేల) లాట్‌ను మేం అమ్మడం లేదు. తెచ్చిన వ్యాపారికే మొత్తం తిప్పి పంపుతున్నాం. అడ్వాన్స్ ఈ వారంలో మీ ఖాతాలో పడుతుంది. క్రిస్మస్‌కి ఇంట్లోవాళ్లకు ఇద్దామనుకున్నవారు చాలామంది ఉన్నారు, వాళ్లకు ఎంత నిరాశో నాకు తెలుసు. అందుకే కారణం వివరంగా రాస్తున్నాను.

పన్ను కట్టాలా వద్దా అని అడిగినవాళ్లు యేసుకు తెచ్చి చూపించిన దేనారం రోమన్ చక్రవర్తి తిబెరి కైసరుదేనని ఎక్కువమంది నమ్మకం. ఆయన పాలన క్రీ.శ. 14 నుంచి 37 వరకు. నాణేనికి ఒకవైపు ఆకుల కిరీటంతో ఆయన తల, రెండోవైపు కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ. ఈ నాణేన్ని అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి నకిలీలూ ఎక్కువే.

ఈ లాట్ నకిలీదని బరువు చూస్తే తెలియలేదు. ఆ కాలంలో ఒక రోమన్ పౌను వెండికి 84 దేనారాలు కొట్టేవారు. క్రీ.శ. 64లో, తర్వాత వచ్చిన చక్రవర్తి నీరో దాన్ని 96 చేసి బరువు తగ్గించాడు. తిబెరి నాణెం నీరోకు ముందుది, కాబట్టి 3.7 గ్రాముల దగ్గర తూగాలి. ఇవీ అలాగే తూగాయి. అక్షరాలూ సరిగ్గానే ఉన్నాయి. రెండు నాణేలను పక్కపక్కన పెట్టి మైక్రోస్కోప్‌లో చూశాకే అసలు సంగతి బయటపడింది. రెండింటిలోనూ చక్రవర్తి చెంప మీద ఒకే గీత, అదే చోట, అదే పొడవు. ఒకే అచ్చుతో కొట్టిన నాణేలు బొమ్మలో కలవడం మామూలే. కానీ అచ్చు మీద గీత పడితే నాణెం మీద అది ఉబ్బుగా రావాలి. ఇక్కడ గీత లోపలికి ఉంది. అంటే టంకశాల దాటాక ఎవరి చేతిలోనో పడ్డ గీత. అలాంటిది రెండు నాణేల మీద అచ్చంగా ఒకేలా ఉండదు. అంచు పగుళ్లు కూడా కలిశాయి. సుత్తితో చేత్తో కొట్టిన వెండి ప్రతిసారీ ఒకే తీరున పగలదు కదా! ఒక అసలు నాణెం నుంచి మూస తీసి, వెండి కరిగించి పోశారని మాకు అనుమానమే లేదు. అక్షరాల సందుల్లో గాలి బుడగల గుంటలు కూడా ఉన్నాయి.

ఈ గీత వాట్సాప్ ఫొటోలో కనపడదు. అందుకే ఇకమీదట ఫొటో చూసి అసలో నకిలీయో చెప్పం. నాణెం షాపుకు తీసుకురండి, పరీక్షకు డబ్బులు తీసుకోం. తెచ్చేముందు దయచేసి చింతపండుతో, విభూతితో తోమకండి. మోగించి చూడకండి, వంచకండి. రెండు వేల ఏళ్ల వెండి పెళుసుబారి ఉంటుంది, విరిగిపోతుంది. అయస్కాంతం అంటుకోకపోతే అసలేనని కూడా అనుకోకండి, రాగికీ అంటుకోదు. లోపల రాగి, పైన వెండి రేకు వేసిన దొంగ దేనారాలు రోమన్ల కాలంలోనే ఉన్నాయి. గాల్లో, నీళ్లలో తూచి సాంద్రత లెక్కిస్తే వాటి గుట్టు తెలుస్తుంది. వెండి సాంద్రత ఘన సెంటీమీటరుకు 10.5 గ్రాములు, రాగిది 9కి కాస్త తక్కువ.

ఇంకో మాట. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో ఆగస్టస్, తిబెరి చక్రవర్తుల దేనారాలు 1,500కు పైగా దొరికిన మాట నిజం. దాన్ని అడ్డం పెట్టుకుని "మా పొలంలో దొరికింది సార్" అంటూ వచ్చేవారున్నారు. అవి మేం కొనం. అబద్ధమైతే అది నకిలీ కావచ్చు. నిజమైతే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలియజేయాల్సిన నిధి. ఎవరి దగ్గరా మీరు కూడా కొనకండి. అమెరికాలో ఉన్న పిల్లలకు పంపమని కూడా అడగొద్దు. వందేళ్లు దాటిన నాణేలను దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు.

తర్వాతి లాట్‌కు తేదీ చెప్పలేను. ఈసారి పాత కొనుగోలు రసీదు ఉన్న నాణేలే తీసుకుంటాం, కాబట్టి ధర ఎక్కువే ఉంటుంది. ప్రతి నాణెంతో బరువు, సాంద్రత, అంచు ఫొటోలు ఇస్తాం. అప్పటిదాకా ఆగగలిగినవారు ఒక మెసేజ్ పెట్టండి, మీ వరుస మారకుండా పేరు రాసి ఉంచుతాను.