బతికి ఉండాల్సిన మందును ఎండబెట్టి అమ్ముతున్నారు

సంపాదకులకు నమస్కారం.

మా జగిత్యాల జిల్లాలో యాసంగి మొక్కజొన్న వేసే మాలాంటివారిని బాగా ఏడిపించేది కాండం కుళ్లు తెగులు. పూత దాకా చేను పచ్చగా ఉంటుంది. గింజ గట్టిపడే వేళ ఎండ ముదిరి తడి తగ్గిందా, మొక్కలు వాడిపోయి కింది కణుపుల దగ్గర విరిగి పడతాయి. కాండం చీలిస్తే లోపల బెండు కుళ్లి, నారల మీద నల్లటి మసి కనిపిస్తుంది. ఈ తెగులు తెచ్చే శిలీంధ్రం వేరు నుంచి పైకి పాకి అప్పటికే చాలా రోజులై ఉంటుంది. ఇక ఏ మందు చల్లినా దండగే.

సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ అనే బాక్టీరియా అయితే ముందే వేరు చుట్టూ స్థిరపడి, శిలీంధ్రానికి కావలసిన ఇనుమును లాగేసుకుంటుంది. దాన్ని అణిచే పదార్థాలు వదులుతుంది, మొక్కకు తట్టుకునే శక్తినీ పెంచుతుంది. దీన్ని టాల్క్ పొడిలో కలిపి జీవ మందుగా అమ్ముతారు. కిలో విత్తనానికి ఆ పొడి 10 గ్రాములు పట్టించమంటారు కానీ కంపెనీ విత్తనం ముందే రంగు రసాయన మందు పూసి వస్తుంది. అందుకే మేము చివికిన పశువుల ఎరువులో కలిపి, నీడలో తేమగా ఉంచి, ఆఖరి దుక్కిలో వేస్తాం. పూత తర్వాత చేను బెట్టకు వస్తే మాత్రం ఇదొక్కటే కాపాడలేదు.

నా బాధంతా అమ్మే తీరు గురించి. బాసిల్లస్ అనే మరో బాక్టీరియాకు ఉన్నట్టు, వేడిని ఓర్చుకునే సిద్ధబీజాలు (గట్టి పొర కట్టుకున్న నిద్ర రూపాలు) సూడోమోనాస్‌కు ఉండవు. అలాంటి దాన్ని ఇక్కడి ఒక దుకాణంలో వేసవి అంతా రేకుల కప్పు కింద ఉంచి, అక్టోబరులో నాకు అమ్మారు. ధర చీటీ పీకితే కింద గడువు దాటిన తేదీ ఉంది. అడిగితే, "పొడే కదమ్మా, ఏమవుతుంది" అన్నారు. బాక్టీరియా చచ్చాక మిగిలేది టాల్క్ పొడే! అది వేసిన రైతు జీవ మందులే పనిచేయవని నమ్మి, మళ్లీ వాటి జోలికి పోడు.

ఈ మందులూ 1968 నాటి పురుగుమందుల చట్టం కిందికే వస్తాయి. వ్యవసాయ శాఖ దుకాణాల నుంచి నమూనాలు తీసి, గ్రాములో ఎన్ని బాక్టీరియా బతికున్నాయో లెక్కగట్టించి, ఫలితాలను రైతు వేదికల్లో అంటించాలి. పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం మాకు దగ్గరే. అక్కడ తాజాగా తయారుచేసిన మందు విత్తే ముందు దొరికితే, ధర కాస్త ఎక్కువైనా కొనుక్కుంటాం.

- ఒక మహిళా రైతు, జగిత్యాల జిల్లా