చిక్కడపల్లి ఆరు ఆదివారాలకు దండాలు

గ్రూప్స్‌కు, అంటే ప్రభుత్వ ఉద్యోగాల పోటీ పరీక్షలకు, చదివే పిల్లల కోసం హైదరాబాద్ చిక్కడపల్లిలో మేం కౌన్సెలర్లం నడిపిన ఆరు ఆదివారాల మనోధైర్యం తరగతులు మొన్నటితో అయిపోయాయి. కరెంటు బిల్లు కూడా అడగకుండా మేడ మీది హాలు ఇచ్చిన ఇంటి పెద్దాయనకు ముందుగా నమస్కారం.

తెలంగాణ గ్రూప్-1 తొలి వడపోత పరీక్ష ప్రిలిమ్స్ 2022 అక్టోబర్ 16న రాస్తే రద్దయింది. 2023 జూన్ 11న రాస్తే అదీ రద్దు. 2024 జూన్ 9న మళ్లీ మొదటినుంచి. మూడుసార్లూ రాసినవాళ్లకు ‘ధైర్యంగా ఉండు’ అని చెప్పడం, కాలు విరిగినవాడికి పరుగెత్తమని చెప్పడం ఒకటే.

అందుకే జిరాక్స్ అన్న ఉచితంగా తీసిచ్చిన కాగితాలు అంతగా అక్కరకొచ్చాయి. ఏ4 కాగితం నిలువునా మడత. కుడివైపు ‘నా చేతిలో లేనివి’: నోటిఫికేషన్, కోర్టు కేసు, కటాఫ్. ఎడమవైపు ‘నా చేతిలో ఉన్నవి’. తేడా కొట్టేది ఈ ఎడమవైపే. మొదటివారం చాలామంది ‘రోజుకు 14 గంటలు’ అని రాసేశారు. మూడోరోజుకు అది తప్పుతుంది, ‘నావల్ల కాదు’ అన్న అనుమానానికి ఇంకో సాక్ష్యం దొరుకుతుంది. నమ్మకం పెరిగేది చేసి చూపించుకున్న పనితోనే. రెండోవారం నుంచి ఇలా రాయించాం: ‘టిఫిన్ అయ్యాక, కిటికీ పక్క బల్ల దగ్గర, పాలిటీ పాత ప్రశ్నలు పది.’ వేళ, చోటు, లెక్క మూడూ ఉండాలి. వారంలో ఐదు రోజులు జరిగితేనే పదిని పదిహేను చేయాలి.

ఊపిరి సాధనలోనూ ఒక పొరపాటు చూశాం. గుండెల నిండా గట్టిగా పీలిస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది. మామూలు శ్వాసే, ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా లోపలికి, ఆరు లెక్కపెట్టేదాకా బయటికి, ఐదు నిమిషాలు చాలు.

ఇక ఇడ్లీ బండి అక్క. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మందిని పరిశోధకులు దశాబ్దాలపాటు గమనించారు. కష్టాల మధ్య పెరిగీ నిలదొక్కుకున్న పిల్లల్లో తరచూ కనిపించినది, పట్టించుకునే పెద్దమనిషి ఒకరైనా ఉండటం. అమ్మానాన్నలే కానక్కర్లేదు. రెండ్రోజులు ఎవరైనా రాకపోతే ‘నీ రూమ్మేట్ ఏడి బిడ్డా, జ్వరమా?’ అని అడిగే అక్క చేసింది అదే పని. మా ఉపన్యాసాలకన్నా ఆ అడగడమే ఎక్కువ పనిచేసిందని మా అనుమానం!

పరీక్ష వదిలేసి వేరే ఉద్యోగాల్లో కుదురుకుని, మా పిలుపుకు వచ్చిన సీనియర్లకు కూడా థ్యాంక్స్. టాపర్లను పిలవలేదని కొందరు అలిగారు; కావాలనే పిలవలేదు.

మిగిలిన కాగితాలు జిరాక్స్ షాపులోనే ఉన్నాయి, అడిగి తీసుకోండి. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోతే కాగితం పక్కనపెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి; బతకాలనిపించకపోతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా వెంటనే చేయండి. పైసా ఖర్చు లేదు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.